దిగుడు వేళ మార్చండి: రోడ్డు ప్రయాణ ప్రణాళికలు రాసేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

కొండలెక్కి, సరస్సుల పక్కగా సాగి, చివరికి సముద్రం దగ్గర ఆగే దారుల మీద మీరు ఎంతో శ్రద్ధగా ప్రణాళికలు రాస్తున్నారు. ఎక్కడ ఆగాలో, ఏ మలుపు నుంచి లోయ బాగా కనిపిస్తుందో, ఏ ఒడ్డున బస చేస్తే హాయిగా ఉంటుందో అన్నీ చెబుతున్నారు. వాటిని నమ్ముకుని మొదటిసారి ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు చాలామంది. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం. ఒక వాక్యం దాదాపు ప్రతి ప్రణాళికలోనూ కనిపిస్తోంది: "సూర్యాస్తమయానికల్లా తీరం చేరుకోండి." దాన్ని తీసెయ్యమని మా విన్నపం.

చూడ్డానికి అందమైన సలహానే. కానీ దాన్ని పాటించాలంటే రోజంతటిలోకీ కష్టమైన పని, అంటే కొండ దిగడం, డ్రైవరు బాగా అలిసిపోయాక, వెలుతురు తగ్గుతున్న వేళ చెయ్యాల్సి వస్తుంది. కావాలంటే లెక్క వేసి చూడండి. మొత్తం 250 కిలోమీటర్ల దారి అనుకుందాం. మైదానంలో 60 కి.మీ. గంటకు అరవై చొప్పున పోతే ఒక గంట. ఎక్కుడు 50 కి.మీ., మలుపుల్లో సగటు ముప్పైకి మించదు, గంటా నలభై నిమిషాలు. పైన సరస్సుల వెంబడి 70 కి.మీ., నలభై అయిదు చొప్పున గంటన్నరకు పైమాట. దిగుడు 40 కి.మీ., గంటా ఇరవై నిమిషాలు. తీరం వెంట చివరి 30 కి.మీ.కి ఇంకో ముప్పై అయిదు నిమిషాలు. చక్రాలు తిరిగే సమయమే ఆరు గంటల పది నిమిషాలు. భోజనం, టీలు, ఫొటోలు అన్నీ కలిపి రెండున్నర గంటలు తక్కువేమీ కాదు. పదింటికి బయలుదేరిన బండి దిగుడు మొదలుపెట్టేసరికి పావు తక్కువ అయిదవుతుంది. కిందికి వచ్చేసరికి ఆరు దాటుతుంది.

ఆ గంటా ఇరవై నిమిషాల్లో వెలుతురు ఎలా ఉంటుందో చెప్పాలి. సముద్రం పడమర దిక్కున ఉంటే వాలిన సూర్యుడు సరిగ్గా కళ్లలోకి కొడతాడు. తల మీది సన్ వైజర్ దించినా లాభం ఉండదు. దిగుడులో మలుపు మలుపుకీ సూర్యుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతుంటాడు. అద్దం లోపలి వైపు పేరుకున్న సన్నటి మసక పగలు కంటికి కనిపించదు. ఎదురు వెలుగు పడగానే అద్దం మొత్తం తెల్లబడిపోతుంది. సముద్రం తూర్పున ఉంటే ఇబ్బంది మరో రకం. వెనక ఉన్న కొండ నీడ లోయ మీద పడి, క్యాలెండర్‌లో రాసిన సూర్యాస్తమయానికి గంట ముందే దారి చీకటవుతుంది. ఆకాశం మాత్రం ఇంకా వెలుగ్గా ఉంటుంది కాబట్టి ఎదురు బండ్లవాళ్లు లైట్లు వెయ్యరు. పశువులు, అడవి జంతువులు రోడ్డు దాటే వేళ కూడా అదే.

ఇక బ్రేకుల సంగతి. మీ ప్రణాళికల్లో దీని మీద ఒక్క ముక్క కూడా ఉండటం లేదు.

మనుషులు, సామాను కలిపి 1,500 కిలోల కారు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, అది వదిలించుకోవాల్సిన శక్తి సుమారు ఒక కోటీ నలభై ఏడు లక్షల జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే కారును పూర్తిగా ఆపడానికి కావలసింది అయిదు లక్షల ఎనభై వేల జౌళ్లు. అంటే వెయ్యి మీటర్ల దిగుడు, వంద వేగం నుంచి పాతికసార్లు బండిని నిలబెట్టడంతో సమానం. టైర్ల రాపిడి, గాలి నిరోధం కలిసి ఇందులో కొంత భాగం మింగేస్తాయి. మిగిలిందంతా ఇంజినైనా ఆపుకోవాలి, బ్రేకులైనా వేడిగా మార్చుకోవాలి. బండిని టాప్ గేరులో వదిలేసి పాదం బ్రేకు మీద ఆనించి దిగేవాళ్లు ఆ భారమంతా నాలుగు చక్రాల ప్యాడ్ల మీదే, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును ఒరుసుకుని ఆపే పలకల మీదే పెడుతున్నారు. గాలి తగిలి చల్లారడానికి వాటికి క్షణం వ్యవధి కూడా ఇవ్వడం లేదు.

బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. ఆ రెండూ వేరువేరని చదివేవాళ్లకు తెలియాలి. మొదటిది ప్యాడ్లు మితిమీరి వేడెక్కడం. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా పట్టు రాదు, మాడు వాసన వస్తుంది. రెండోది బ్రేక్ ఆయిల్ మరిగిపోవడం. గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి నేల దాకా దిగిపోతుంది. ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ముందస్తు హెచ్చరిక దాదాపు ఉండదు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ఊళ్లో తిరిగితే ఏమీ తెలియదు. ఘాట్ రోడ్డులో సగం దిగాక తెలుస్తుంది. కాబట్టి "బయలుదేరే ముందు బండి చెక్ చేయించుకోండి" అని పైపైన రాయకండి. "బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి, ప్యాడ్ల మందం చూపించుకోండి" అని రాయండి. మెకానిక్‌కి ఏం చెప్పాలో చదివినవాడికి తెలిసేది అప్పుడే.

దిగే పద్ధతి కూడా రాయాలి. కష్టమైన విద్యేం కాదు. వాలు మొదలవక ముందే, బండి ఇంకా సమతలం మీద ఉండగానే గేరు తగ్గించాలి. అదే వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ దాదాపు అదే. బ్రేకు తొక్కకపోయినా వేగం పెరగకుండా నిలిస్తే గేరు సరిపోయినట్టు. వాలు నిటారుగా ఉండి ఇంకా పెరుగుతుంటే, పాదం ఆనించి ఉంచకూడదు. నలభై దాటగానే గట్టిగా నొక్కి ముప్పై రెండుకి తెచ్చి పూర్తిగా వదిలెయ్యాలి. మళ్లీ నలభైకి వచ్చేదాకా డిస్కులకు గాలి తగులుతుంది. ఆటోమేటిక్ బండిలో లీవర్‌ను డీలో, అంటే మామూలుగా నడిపే స్థానంలో వదిలేస్తే పెద్ద గేర్లు పడి ఇంజిన్ పట్టు పోతుంది. ఎల్, 2, లేదా మాన్యువల్ మోడ్‌లోని మైనస్ గుర్తు వాడాలి. హైబ్రిడ్ బండ్లలో చాలావాటికి బి అనే స్థానం ఇందుకోసమే ఉంది. ఇంజిన్ హోరు వినగానే ఏదో పాడవుతోందని కంగారుపడి పెద్ద గేరు వేసేసేవాళ్లు ఎక్కువ. ఇంజిన్ వేగం చూపే మీటరులో ముల్లు ఎర్ర గీత లోపు ఉన్నంతవరకు ఆ హోరు వల్ల ఇంజిన్‌కు నష్టమేమీ లేదని ఒక వాక్యం చేర్చండి.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం ఇంకా బతికే ఉంది. దయచేసి దాన్ని సూటిగా ఖండించండి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ నిలబడి తిరగడానికి ఎంతో కొంత ఇంధనం పోతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపేసి జారితే ఇంకా ఘోరం. రెండు మూడుసార్లు తొక్కేసరికి పాదం బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీస్తే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఇంకో విషయం కలిసింది. కొండ మీది బసలో రాత్రంతా నూరు శాతం ఛార్జింగ్ పెట్టుకుని పొద్దున్నే దిగేవాళ్లున్నారు. బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు పుట్టే కరెంటుకు చోటుండదు. మోటారు ఇచ్చే బ్రేకు తగ్గిపోయి భారం మళ్లీ ప్యాడ్ల మీదే పడుతుంది. పైనుంచి బయలుదేరేటప్పుడు ఎనభై శాతం చాలు. దిగుడులో కొంత తిరిగి వస్తుంది కూడా. ఎక్కేటప్పుడు మాత్రం రెండు టన్నుల బండికి వెయ్యి మీటర్లకు, మామూలు ఖర్చు కాక, కనీసం అయిదున్నర యూనిట్లు అదనంగా లెక్క వేసుకోవాలి.

ఇంతా చేసి బ్రేకులు మాడు వాసన కొడితే ఏం చెయ్యాలి? వెడల్పుగా ఉన్న చోటు చూసి ఆపాలి, గేరులో ఉంచాలి, చక్రాల కింద రాయి పెట్టాలి, అరగంట ఆగాలి. చక్రాల మీద నీళ్లు పొయ్యకూడదు, కాలిన డిస్కు వంకరపోతుంది, పగలొచ్చు కూడా. బయలుదేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కన వెయ్యాలి. రాత్రి వచ్చే మోటార్‌సైకిల్‌కు అదే ప్రాణాంతకం. పరుగులోనే పెడల్ మెత్తబడితే వెంటవెంటనే పంపు కొట్టినట్టు తొక్కుతూ, ఒక్కో గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా లాగాలి. కొన్ని ఘాట్లలో కంకర నింపిన ఎత్తైన పక్కదారులు కడతారు. బ్రేకులు పోయిన బండ్లు ఎక్కి ఆగిపోవడానికే అవి. మీరు రాసే దారిలో అలాంటివి ఉంటే ఏ కిలోమీటరు రాయి దగ్గర ఉన్నాయో ప్రణాళికలో గుర్తించండి. వ్యూపాయింట్ల జాబితా కంటే అది ముందు రావాలని మా అభిప్రాయం. వాటి ముఖద్వారంలో బండి ఆపి ఫొటోలు దిగవద్దని కూడా చెప్పండి.

సాయంత్రం వద్దంటే మరి ఎప్పుడు దిగాలి? రాత్రి బసను తీరం నుంచి సరస్సు ఒడ్డుకు మార్చండి. మీరు చెయ్యాల్సింది ప్రధానంగా ఇదొక్కటే. మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

సరస్సును ఆగి ఆగి మధ్యాహ్నం చూసుకుంటూ పోయేవాళ్లకు దాని అసలు అందం దక్కదు. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలు వేడెక్కి, లోయలోంచి గాలి పైకి లేస్తుంది, నీరు చెదురుతుంది. కొండలు తలకిందులుగా అద్దంలో కనిపించినట్టు కనిపించేది తెల్లవారుజామునే. హిమానీనదాల నీరు చేరే సరస్సుల పాల నీలం రంగు మాత్రం ఎండ బాగా పడ్డాకే తేలుతుంది. మంచు ఒరిపిడికి పిండైన రాతి ధూళి నీళ్లలో తేలుతూ వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చే రంగు అది. ఒడ్డున రాత్రి పడుకున్నవాళ్లకు రెండూ దొరుకుతాయి.

అయితే తెల్లవారగానే బండి తియ్యమని రాయకండి. చలి రాత్రుల తర్వాత, వెచ్చటి నీటి మీద చల్లగాలి ఆగిపోయి సరస్సుల పక్కన దట్టంగా పొగమంచు పడుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగంతా వెనక్కి తిరిగి కళ్లలోకే వస్తుంది. డిమ్ లైటే వాడాలి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఒడ్డు వెంట, వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో కంటికి కనిపించని మంచు పొర ఉంటుంది. తొమ్మిదింటి దాకా నడక, టిఫిను, ఫొటోలు పెట్టండి. తొమ్మిదిన్నరకు బయలుదేరి, పది నుంచి ఒంటిగంట మధ్య దిగుడు ముగిసేలా చూడండి. ఎండ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, డ్రైవరు తాజాగా ఉంటాడు, ఎండాకాలపు మధ్యాహ్నం కొండల మీద కమ్ముకునే ఉరుముల వాన ఇంకా మొదలవదు. తీరంలో సూర్యాస్తమయం కూడా పోదు. అప్పటికి బండి ఆగి ఉంటుంది, అందరూ ఇసుకలో కూర్చుని చూస్తారు.

ఈ పద్ధతికి చక్కగా సరిపోయే దారి న్యూజిలాండ్‌లో ఉంది. టె అనావు సరస్సు ఒడ్డు నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ దాకా సుమారు 120 కి.మీ. ఎక్కడా ఆగకపోతే రెండు గంటలు పడుతుంది. దారిలో కొండ కింద 1.2 కి.మీ. పొడవైన హోమర్ సొరంగం వస్తుంది. 1954లో తెరిచిన ఈ సొరంగం తూర్పు ద్వారం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. సొరంగం లోపలే దారి పడమటి వైపుకు పదికి ఒకటి చొప్పున వాలుతుంది. అక్కణ్నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లలోనే సముద్రం. అంటే ఎత్తు మొత్తం చివరి ఆరో వంతు దారిలోనే కరిగిపోతుంది. కిలోమీటర్లు మాత్రమే రాసిన ప్రణాళిక చదివినవాళ్లకు ఇది తెలిసే వీలే లేదు. హిమపాతాల భయంతో చలికాలంలోనూ వసంతంలోనూ ఆ రోడ్డును మూసేస్తూ ఉంటారు. చలికాలంలో బోర్డు పెట్టిన రోజుల్లో టైర్లకు కట్టే గొలుసులు బండిలో ఉండి తీరాలి. దారిలో చాలాచోట్ల ఫోను పలకదు కాబట్టి ఇంధనం, మ్యాపు టె అనావులోనే చూసుకోవాలి. టె అనావులో బస చేసి పొద్దున దిగేవాళ్లకు ఇవన్నీ వీలుగా అమరుతాయి.

అందుకే మీ పట్టికలో కిలోమీటర్ల పక్కన రెండు అంకెలు చేర్చమంటున్నాం: ఎక్కడ నుంచి దిగుడు మొదలు, ఎన్ని మీటర్లు దిగుతుంది. ఇటలీలో 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో కనుమకు ఈశాన్యం వైపున 48 హెయిర్‌పిన్ మలుపులు, అంటే దారి పూర్తిగా వెనక్కి తిరిగే వంపులున్నాయి. ప్రతి మలుపు దగ్గరా దాని అంకె రాసి ఉంటుంది. ఎన్ని అయ్యాయో, ఎన్ని మిగిలాయో తెలిసిన డ్రైవరు ఓపిక పడతాడు. అలాంటి బోర్డులు లేని దారుల్లో ఆ పని మీ ప్రణాళికే చెయ్యగలదు.

ఎదురుబండి మర్యాద గురించి కూడా రాయండి. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాల్సింది దిగే బండే. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోనూ ఇదే నియమం. ఎక్కేవాడు వాలులో ఆగితే మళ్లీ కదలడం కష్టం, క్లచ్ మాడుతుంది. బస్సు హెయిర్‌పిన్ తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి కాబట్టి, కింది వంపులో బస్సు కనిపించగానే మలుపులోకి దూరకుండా పైనే ఆగాలి. గుడ్డి మలుపుల్లో పగలు హారన్, రాత్రి డిప్పర్. వెనక పదేసి బండ్లు చేరితే పక్కకు తీసి పోనివ్వాలి. మెల్లగా వెళ్లడం తప్పేమీ కాదు, దారివ్వకపోవడమే తప్పు.

టైర్ల గాలి మీద ఒక అపోహ మీ రాతల్లోనూ దొర్లుతోంది. పైకెళ్తే గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది, కాస్త తీసెయ్యాలి అని. వెయ్యి మీటర్లు ఎక్కితే బయటి ఒత్తిడి తగ్గి గేజీలో ఒకటిన్నర పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) పెరిగినట్టు కనిపించే మాట నిజమే. కానీ అంతే ఎత్తులో చలి ఆరున్నర డిగ్రీల దాకా పెరుగుతుంది, దానివల్ల ఒక పీఎస్ఐకి పైగా తగ్గుతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. గాలి తీసినవాళ్లు సముద్రమట్టానికి వచ్చేసరికి తక్కువ గాలితో, వేడెక్కిన టైర్లతో నడుపుతారు. పొద్దున బండి కదలక ముందు, బండి తలుపు దగ్గర కంపెనీ అంటించిన అంకె ప్రకారం చూసుకుంటే చాలు. వెనక సీట్లో వాంతులయ్యేవాళ్లకు కూడా మేలు చేసేది డ్రైవరే. మలుపు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు తొక్కకుండా తిరిగితే సగం బాధ పోతుంది. వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోను పక్కన పెట్టి దూరంగా చూడమనాలి.

తీరం దగ్గర చెప్పాల్సినవి తక్కువే, కానీ వదిలెయ్యదగ్గవి కావు. చాలా తీరాల్లో పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు ఉంటుంది. అమావాస్య, పున్నముల దరిదాపుల్లో నీరు మామూలు కంటే చాలా పైకి వస్తుంది. పాటు వేళ తడి ఇసుక గట్టిగా ఉందని బండి దింపి, నడకకు పోయి వచ్చేలోపు చక్రాలు మునిగిన సందర్భాలు ప్రతి తీరంలోనూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు నీట మునుగుతుంది. దాటదగ్గ వేళల పట్టిక అక్కడ పెట్టి ఉన్నా బండ్లు చిక్కుకుంటూనే ఉంటాయి. మీ దారిలో అలాంటి చోటు ఉంటే వేళల పట్టిక చూడమని రాసి ఊరుకోకండి, ఆ రోజుకు దాటే వేళను బట్టే మిగతా ప్రణాళికంతా అల్లండి. మెత్తటి ఇసుకలోకి ఫోర్‌వీల్ బండితో దిగేవాళ్లు టైర్లను 15 నుంచి 18 పీఎస్ఐకి తగ్గించాలి, అలా తగ్గించిన టైర్లతో వేగంగా పోకూడదు, రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. కాబట్టి చిన్న పంపు వెంట లేనివాళ్లు దిగకపోవడమే మంచిది. తిరిగొచ్చాక బండి పైభాగం ఎంత మెరిసేలా కడిగినా లాభం లేదు. ఉప్పు చేరేది అడుగున, చక్రాల గూళ్లలో, బ్రేక్ గొట్టాల మీద. మంచినీళ్లతో అక్కడ కడగాలి.

ఇప్పటికే అచ్చయి జనం చేతుల్లో ఉన్న ప్రణాళికలన్నీ తిరగరాయడం కష్టమని మాకు తెలుసు. ముందుగా దిగుడు ఆరువందల మీటర్లు దాటే దారులను తీసుకోండి. వాటిలో రాత్రి బసను పైకి మార్చండి, దిగుడు మొదలయ్యే చోటు రాయండి, తక్కువ గేరు వెయ్యమని ఆ చోటు పక్కనే రాయండి, చివర్లో కాదు. వర్షాకాలం, మంచుకాలం ముందు ఒకసారి ఆ దారిని పైనుంచి కిందికి మీరే నడిపి చూసి వేళలు సరిచెయ్యండి. మీ దారుల వాలు, మలుపుల లెక్కలు సరిచూడటానికి మా సాయం కావాలంటే చేస్తాం, ప్రతిఫలం ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
కొండ దారుల్లో బండ్లు నడిపేవాళ్లం, బాగుచేసేవాళ్లం, నడపడం నేర్పేవాళ్లం